రెండు పిల్లులు, ఒక ఆమేన్

పోయిన నెలలో మా మనవరాలు తన పిల్లిని బుట్టలో పెట్టుకొచ్చి మా ఇంట్లో దించింది. ఉద్యోగం కొత్త ఊరికి మారిందట. అక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు పిల్లి అనే మాట వినగానే ఫోన్ పెట్టేస్తున్నారట. "ఇల్లు దొరికేదాకానే అమ్మమ్మా" అంది. ఒంగోలులో మా ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉంది. అది ముసలిది, నేనూ ముసలిదాన్ని. ఒకరి దారికి ఒకరం అడ్డం రాకుండా, పెద్దగా ప్రేమలు ఒలకబోసుకోకుండా చాలా ఏళ్ళుగా కాలక్షేపం చేస్తున్నాం. కొత్తది బుట్టలోంచి తల బయటపెట్టగానే మా ముసలిది వీపు విల్లులా వంచి, ఇన్నేళ్ళలో నా ముందు ఎన్నడూ వాడని భాష వాడింది. దానికి అంత ఓపిక మిగిలుందని నాకు తెలియదు. నాకు మాత్రం మిగల్లేదు. కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

మనవరాలు కొత్తదాన్ని పక్క గదిలో పెట్టి తలుపేసింది. ఫోన్ తీసి, నేను రేపు పరీక్ష రాయబోతున్నట్టు ఒక్కొక్కటీ చదివి వినిపించింది. రెండింటినీ వేరు గదుల్లో ఉంచాలి. దీని పడక దానికీ, దాని పడక దీనికీ మార్చాలి, వాసనలు అలవాటు కావడానికి. తలుపుకి చెరోవైపు ఒకే వేళకి తిండి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, తొందరపడకూడదు. నేను అన్నిటికీ "అట్లనే" అన్నాను. ఈ వయసులో తొందరపడొద్దని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "నీకివన్నీ కొత్తగా ఉంటాయిలే అమ్మమ్మా" అంది ఆ పిల్ల, జాలిగా. కొత్త కాదని చెబితే కథంతా చెప్పాల్సి వస్తుంది. దానికి బస్సు వేళయింది, నాకు నడుం నొప్పిగా ఉంది. అందుకని ఊరుకున్నాను. అప్పుడు చెప్పనిదే ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా ఇంటికి ఉన్న తలుపు ఒకటే, అది వీధి తలుపు. లోపల గదికీ గదికీ మధ్య గుమ్మాలుండేవి గాని తలుపులుండేవి కావు. ముందు ఒక వసారా, నడిమిల్లు, వెనక వంటిల్లు. వీధి పొడుగునా పలకలు కోసేవాళ్ళ కొట్టాలు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రాయి కోసే చప్పుడు, ఆ రాయిలోంచి లేచే బూడిదరంగు పొడి. దేశంలో ఏ మూల పిల్లవాడు అక్షరాలు దిద్దుకున్నా ఆ పొడిలో కొంత మా ఇంట్లోనే పడేదని మా నాయన అనేవాడు. మా ఇంటి అడుగున పరిచినవి కూడా ఆ నల్లరాయి బండలే. అమ్మ ఎంత ఊడ్చినా తెల్లారేసరికి బండలమీద పల్చగా పొడి పరుచుకుని ఉండేది. అందులో పిల్లి అడుగులు పువ్వులు అచ్చేసినట్టు కనిపించేవి. మిషన్ బడిలో మేష్టరుగా పనిచేసే నాయన, పొద్దున్నే లేచి, చేతిలో వేపపుల్లతో ఆ అడుగులు చదివేవాడు. గింజల కుండల చుట్టూ ఒక చుట్టు, పొయ్యి దగ్గర ఒక మజిలీ, బర్రె కొట్టం దాకా ఒక యాత్ర. "పిల్లి డ్యూటీ సరిగానే చేసింది" అని చెప్పి మొహం కడుక్కోను పోయేవాడు.

ఆ పిల్లి మా జేజిది, అంటే మా నాయనను కన్నతల్లిది. చారల చారల బూడిదరంగు పిల్లి. దానికి పేరు లేదు. ఉన్నది ఒకటే పిల్లి అయినప్పుడు పేరెందుకు? జేజికి మూడు అలవాట్లు గట్టివి. ముక్కుపొడి, ఆముదం, ప్రార్థన. ముక్కుపొడి తనకి. ఆముదం ఇంటిల్లిపాదికి, ఏ జబ్బు చేసినా, చెయ్యకపోయినా. ప్రార్థన లోకానికంతటికీ. రోజూ సాయంత్రం కొర్రన్నం వండి దించి, చింతపులుసు దాక పక్కన పెట్టి, అందరం వంటింట్లో కూర్చున్నాక జేజి కళ్ళు మూసుకునేది. లండన్‌లో ఉన్న రాజుగారితో మొదలుపెట్టేది. అక్కడినుంచి మద్రాసులో గవర్నరు దొర, కలెక్టరు దొర, తాలూకా తాసిల్దారు, మా పాస్టరయ్య, ఆయనకి తగ్గని దగ్గు, మా వీధి, మా ఇల్లు, చివరికి మా బర్రె. దేవుడు మద్రాసు నుంచి మార్కాపురానికి రైల్లో కాకుండా నడిచి వస్తున్నట్టుండేది. తాసిల్దారు దగ్గరికి వచ్చేసరికి అన్నం చల్లారేది. బర్రె దగ్గరికి వచ్చేముందు ఒక్క మాట ఎన్నడూ తప్పేది కాదు. "తండ్రీ, మా నేల మీద వాన కురిపించు." ఆ మాట మా తాలూకాలో ఏ ఇంట్లో ఏ దేవుణ్ణి తలుచుకున్నా తప్పేది కాదులెండి. ఆ తర్వాత ఆమేన్. ఆమేన్ వినగానే పిల్లి ఎక్కడున్నా వచ్చేది. జేజి మొదటి ముద్ద దానికి పెట్టేది. ఆ పిల్లి జీవితంలో మతమంటే అంతే, ఓపిక పట్టడం, తర్వాత తినడం.

అట్లా ఉండగా మా అవ్వ వచ్చింది. అవ్వ అంటే అమ్మను కన్నతల్లి. బేస్తవారిపేట అవతల ఒక పల్లెలో మా తాత ఒక రైతు గొర్రెలు మేపేవాడు. ఇల్లు గొర్రెలతో పాటే రైతుది. తాత పోయాక కొత్తగా గొర్రెలు మేపడానికి వచ్చినవాడికి ఆ ఇల్లు కావాల్సి వచ్చింది. ఎవరూ అన్యాయం చెయ్యలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కొత్తవాడి పెళ్ళాం వచ్చి తన కుండలు ఈమె కుండల పక్కన దించింది, అంతే. మా నాయన పోయి అవ్వను తీసుకొచ్చాడు. ఒక మూట, తాత కప్పుకున్న నల్ల గొంగడి, మూత కట్టిన గంప. ఆ గంపలో ఉన్నది రైలెక్కినప్పటినుంచీ అరుస్తూనే ఉందట. టికెట్ కలెక్టరు పెట్టెలోకి వచ్చినప్పుడల్లా ఆ అరుపు వినపడకుండా అవ్వ దగ్గిందట. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగేసరికి అవ్వకు నిజంగానే గొంతు పోయింది.

జేజి వాకిట్లోకి వచ్చి, "రా వదినా" అంది. ఆ తర్వాత గంప వైపు చూసింది. "అదేంది?"

"పిల్లి" అంది అవ్వ, ఉన్న కాస్త గొంతుతో.

"మాకుండాదే పిల్లి."

"మీకుంటే మంచిదే వదినా. దీన్ని ఎవురికిచ్చి రానూ?"

మూత తీస్తే నల్లపిల్లి బయటికొచ్చింది. సగం తోక గొర్రెలకాపు కుక్క నోట్లో పోయిందట. దానికి పేరుంది, మొండితోక. అది ఒకసారి ఇల్లంతా చూసింది. లోపలినుంచి మా చారల పిల్లి దాన్ని చూసింది. రెండూ ఉన్నచోటే కూర్చున్నాయి. వియ్యపురాళ్ళిద్దరూ కూడా ఉన్నచోటే నిలబడ్డారు. మా అమ్మ మాత్రం, నాకు బాగా గుర్తు, ఒక నిట్టూర్పు విడిచి నీళ్ళ బిందె చంకన పెట్టుకుని బావికి పోయింది. బిందెలో నీళ్ళు నిండుగానే ఉన్నాయి.

"నేనేం ఉండిపోను రాలేదు వదినా" అంది అవ్వ ఆ సాయంత్రమే. "వాన పడేదాకా. వాన పడిందంటే మా మరిదికి సేద్యం పని తగుల్తాది, ఇంట్లో ఇంకో మనిషికి కూడుంటాది. ఆడికి పోతా." కూతురింట్లో, అల్లుడి కూడు తింటూ ఉండిపోవడమంటే ఆ రోజుల్లో చచ్చేంత సిగ్గు. అందుకే అవ్వ వంటింట్లోకి వచ్చి తినేది కాదు. వసారాలో ఒక మూల గొంగడి పరుచుకుని, మూట గూటానికి తగిలించి, పళ్ళెం అక్కడికే తెప్పించుకునేది. వాన పడేదాకా అనే గడువు మా ప్రాంతంలో ఎవరైనా పెట్టుకోదగ్గ గడువే. అంతకుముందు ఏడు వాన మొహం చూడలేదు. కంభం చెరువులో నీళ్ళు ఎంత లోపలికి పోయినాయో చూసొచ్చినవాళ్ళు చేతులు చాపి చూపించేవాళ్ళు. జేజి మాత్రం ఆ గడువును మనసులో పెట్టుకుంది. ఆ మర్నాటినుంచి ప్రార్థనలో వాన మాట దగ్గర గొంతు పెరిగింది, వసారాలోకి వినపడేంత. "తండ్రీ, వాన కురిపించు. తొందరగా కురిపించు. ఈ వారంలోనే కురిపించు." అవ్వ వసారాలో కూర్చుని, తల వంచుకుని, వినేది.

అవ్వ ప్రార్థన వేరే రకం. గొర్రెల వెంట తిరిగిన మనిషికి కళ్ళు ఎక్కువసేపు మూసుకునే అలవాటు ఉండదు. ఆమె పళ్ళెం ముందు పెట్టుకుని, "ప్రభువా, నీకు తెలుసు. ఆమేన్" అనేది. అంతే. అది ప్రార్థన కాదు, దేవుణ్ణి వాకిట్లో నిలబెట్టి మాట్లాడి పంపించడమని జేజి అనేది. అవ్వ ఆమేన్ అనగానే మొండితోక తినేది. తిని, మూతి తుడుచుకుని కూర్చునేది. లోపల జేజి ఇంకా కలెక్టరు దగ్గర ఉండేది. కాసేపటికి అక్కడ కూడా ఆమేన్ వినిపించేది. మొండితోక కూడా ప్రార్థన చేసే ఇంట్లో పెరిగిందే గదా, ఆమేన్ అంటే ఏమిటో దానికి తెలుసు. లేచి వంటింట్లోకి పోయేది.

మొదటిరోజే పులుసు దాక బోర్లా పడింది. ఆ తర్వాత రోజులన్నీ కలిసిపోయి ఒకే పెద్ద కొట్లాటగా గుర్తున్నాయి నాకు. ఆమేన్, ఆ వెంటనే పొయ్యి చుట్టూ నల్లదీ బూడిదదీ కలిసి తిరిగే ఒక సుడిగాలి, గోళ్ళు బండలమీద గీరే చప్పుడు, జేజి చీపురు, అమ్మ కేక, నాయన పళ్ళెం ఎత్తి పట్టుకుని నిలబడటం. ఇంట్లో మాటలు కూడా రెండయ్యాయి. జేజి నోట "మన పిల్లి" అంటే చారలది, "వాళ్ళ పిల్లి" అంటే నల్లది. అవ్వ నోట తిరగబడేది. అమ్మకు ఏదీ మన పిల్లి కాదు, రెండూ పీడే. పొద్దున నాయన వేపపుల్లతో అడుగులు చదివేవాడు. నడిమింట్లో గింజల కుండలకు ఇటువైపు ఒక జాతి అడుగులు, అటువైపు ఒక జాతి అడుగులు, మధ్యలో జానెడు మేర ఏ అడుగూ లేని పొడి. "సర్వేవాడొచ్చి రాయి పాతినట్టే ఉంది" అనేవాడు. ఎలుకలు ఆ జానెడు మేరలోంచే రాకపోకలు సాగించేవి. రెండు పిల్లులయ్యాక మా ఇంట్లో ఎలుకలు పెరిగాయి.

అమ్మ గోనెసంచులు కుట్టి నడిమింటికీ వసారాకీ మధ్య పరదా కట్టింది. పిల్లులు పరదా కిందనుంచి చేతులు చాపి కొట్టుకునేవి. ఒకరోజు అవ్వ, ఎవరితోనో అన్నట్టు కాకుండా, పరదాతో అన్నట్టు అంది. "తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చెయ్యాలంటే, ఆ గొర్రె సొంతపిల్ల పండుకున్న గొంగట్లో చుట్టి పెడతారు. వాసన తనదే అనుకుని పాలిస్తాది. వీటికీ అంతే. వాసనొకటైతే ఊరుకుంటాయి. మీ బొంత నాకిచ్చి, నా గొంగడి మీరు తీసుకోండి వదినా. పిల్లులు మన పక్కలమీదే గదా పండుకునేది."

జేజి బొంత అంటే పాతచీరలన్నీ పొరలు పొరలుగా వేసి కుట్టినది. అందులో మా నాయన చిన్నప్పటి చొక్కా కూడా ఉంది. "వియ్యపురాలి గొంగడి మీద నేను పండుకోవాలనా" అంది జేజి. కాని వాసన ఒకటి కావాలన్న మాట మాత్రం ఆమెకు నచ్చింది. ఇంట్లో అందరినీ ఒకే వాసనకు తేగల వస్తువు ఒకటి తన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మర్నాడు అమ్మ బావి దగ్గర ఉన్నప్పుడు జేజి సీసా తీసింది. చారలదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి తలనుంచి తోకదాకా ఆముదం పట్టించింది. అవ్వ నిద్రపోతుంటే మొండితోకను కూడా చెవులు పట్టి తెచ్చి దానికీ పట్టించింది. తోక సగమే ఉండటంవల్ల ఆముదం కొంచెం మిగిలిందని కూడా అంది. పని బాగా జరిగింది. రెండు పిల్లులూ ఒకే వాసన వేశాయి. ఆ తర్వాత పిల్లులు చేసే పనే అవీ చేశాయి, కూర్చుని ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకున్నాయి. ఆముదం లోపలికి పోతే ఏం జరుగుతుందో మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు, పిల్లులకే తెలియదు. సాయంత్రానికి రెండూ పెరట్లో బూడిదకుప్ప దగ్గర పక్కపక్కన, ఏ తగువూ లేకుండా కూర్చున్నాయి. నల్లది వచ్చాక వాటి మధ్య కనిపించిన మొదటి సఖ్యత అదే.

చారలదానికి ఇంటి ఆముదం కొత్త కాదేమో, తేరుకుంది. మొండితోక పడిపోయింది. అవ్వ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ వేలుతో నాకిస్తూ కూర్చుంది. తనేమీ తినలేదు. మర్నాడు సాయంత్రం ప్రార్థనకు ముందే లేచి, గూటానికి తగిలించిన మూట తీసింది. గంప దగ్గరికి లాక్కుంది.

"యాడికమ్మా?" అంది అమ్మ.

"మా మరిదింటికి. ఈడ ఉంటే దీన్ని చంపుతారు. చంపే ఉద్దేశం లేకపోయినా చంపుతారు."

జేజి పరదా అవతల నిలబడి, "నా పిల్లికి కూడా పూసినా గదా" అంది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే బిగువు లేదు.

అమ్మ చేతిలో గరిటె ఉంది. గరిటె పట్టుకునే గుమ్మంలో కూలబడింది. "చిన్నాయన రావద్దన్నాడు గదమ్మా" అంది. మెల్లగానే అంది. "మా ఆయన నిన్ను తీసుకురాను పోయినప్పుడే అడిగినాడు. వాన పడినా వద్దు, పడకపోయినా వద్దన్నాడంట. నీకూ తెలుసు."

అవ్వ మూట ముడి సరిచేస్తూ ఉండిపోయింది. ఆ ముడి అప్పటికే గట్టిగా ఉంది. ఈ సంగతి నాయనకు తెలుసు, అమ్మకు తెలుసు, అవ్వకు తెలుసు. తెలియనిది జేజికి ఒక్కదానికే. జేజి ఇన్నాళ్ళూ వాన కోసం గట్టిగా అడుగుతూ ఉంది, ఈమెకు పోవడానికి ఒక ఇల్లుందని. పరదా అవతల ముక్కుపొడి పీల్చిన చప్పుడు కూడా లేదు.

అప్పుడు అమ్మ, నెలలుగా ఆ ఇంట్లో మధ్యలో నిలబడిన మనిషి, చాలా అలిసిపోయిన గొంతుతో అంది. "మీరిద్దరూ పొండి. యాడికన్నా పొండి. పిల్లులు రెండూ ఉంటాయి. నేను చూసుకుంటా."

ఎవరూ నవ్వలేదు. నాయన మాత్రం మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి పరదా కదిలింది. జేజి బొంత చంకన పెట్టుకుని వసారాలోకి వచ్చింది. దాన్ని అవ్వ పక్కన దించి, నిలబడే చెయ్యి చాపింది. "ఆ గొంగడి ఇటియ్యి వదినా. ఎన్నాళ్ళు పండుకోవాల దానిమీద?"

"తెలీదు వదినా" అంది అవ్వ. "గొర్రెలకైతే తొందరగానే కుదురుతాది. పిల్లుల సంగతి నాకు తెలీదు."

మర్నాడు పొద్దున జేజి ఒళ్ళంతా గోక్కుంటూ లేచింది. మంద మందంతా తన మీదుగా నడిచిపోయినట్టుందని చెప్పింది. గొంగడి వాసన మీకు తెలుసో లేదో, గొర్రె, పొగ, ఎన్నో వానల్లో తడిసి ఆరిన తడి, ఆ మడతల్లో మనిషి చెమట. "మీ బొంతలో తుమ్ములున్నాయి వదినా" అంది అవ్వ కళ్ళు తుడుచుకుంటూ. "ముక్కుపొడి ఎన్నేళ్ళనుంచి దాచిపెట్టినారు అందులో?" అయినా తిరిగి మార్చుకోలేదు. చారలది మొదట గొంగడి వాసన చూసి, జేజి మొహం చూసి, ఇది మోసమని తెలుసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. కొన్నాళ్ళకి బండల చలికి తాళలేక వచ్చి అంచున పడుకుంది. అంచునుంచి మధ్యకు రావడానికి ఇంకా చాలా పట్టింది. అటు మొండితోక బొంతమీద అంతే. ఇది వాసనల మహిమా, వేరే దారిలేక సర్దుకోవడమా అంటే నేను చెప్పలేను. నాకిప్పటికీ ఆ రెండింటికీ తేడా తెలియదు.

ఇక మిగిలింది ఆమేన్. పరదాకి చెరోవైపు పళ్ళేలు పెట్టి, రెండు పిల్లులకూ ఒకే క్షణంలో తిండి పెడితే ఏదీ రెండోదాని దగ్గరికి పోదని నాయన కనిపెట్టాడు. కాని అవ్వ ఆమేన్ ముందొచ్చేది, జేజిది ఊరు నిద్రపోయే వేళకి వచ్చేది. జేజిని తగ్గించుకోమని నాయన అడిగాడు. ఎవర్ని తీసెయ్యాలో చెప్పమంది జేజి, రాజుగారినా, పాస్టరయ్య దగ్గునా? అవ్వను పెంచుకోమని అడిగాడు. "దేవునికి తెలిసిందే మళ్ళీ చెప్తే విసుక్కుంటాడు నాయనా" అంది అవ్వ. చివరికి తేలింది ఒకటే. ప్రార్థన ఒకటే ఉండాలి. జేజి వంటిల్లు విడిచి నడిమింట్లో పరదాకి ఇటువైపు కూర్చుంది. అవ్వ వసారాలో అటువైపు కూర్చుంది. జేజి రాజుగారితో మొదలుపెట్టి బర్రె దాకా వచ్చి ఆగేది. అటువైపునుంచి అవ్వ, "నీకు తెలుసు" అనేది. అప్పుడు ఇద్దరూ కలిసి ఆమేన్. పరదాకి రెండువైపులా ఒక్కసారే మూతులు పళ్ళేల్లో పడేవి. ఇద్దరు ముసలాళ్ళు దేవుని కోసం కలిసి ప్రార్థన చెయ్యలేదు, పిల్లుల కోసం చేశారు. ఈ సంగతి పాస్టరయ్యకు చెప్పొద్దని జేజి మాకందరికీ గట్టిగా చెప్పింది.

ఎన్నాళ్ళు గడిచాయో, ఒకరోజు ప్రార్థన మధ్యలో నాయన ఒక కన్ను తెరిచాడు. నేను చూశాను, నా కళ్ళు తెరిచే ఉన్నాయి గనక. జేజి మా వీధి దాటింది, మా ఇల్లు దాటింది. వాన రావాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది. ఆగి, బర్రె దగ్గరికి పోయింది. నాయన ఇంకో కన్ను కూడా తెరిచాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఊరంతా మబ్బు కోసం తలెత్తి చూస్తున్న కాలం అది. బావుల్లో బొక్కెనలు అడుగు బండకు తగిలి మోగుతున్నాయి, పలకల కొట్టాల్లో మనుషులు నీళ్ళు గొంతు తడిపేంతే తాగుతున్నారు. ఆ తాలూకాలో వాన అడగని మనిషి మా జేజి ఒక్కతే అయ్యుంటుంది. పరదా అవతల అవ్వ కూడా ఆ ఆగడం విన్నది. తన వంతు వచ్చినప్పుడు "నీకు తెలుసు" అంది, మామూలు కంటే కాస్త నిదానంగా.

జేజి అడగకపోయినా వాన వచ్చింది. ఒక మధ్యాహ్నం పలకల కొట్టాల్లో చప్పుడంతా ఆగిపోయి, మనుషులు వీధిలోకి వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత కురిసింది చూడండి. మా వాకిలి ఏరయింది. బర్రె కొట్టం కప్పు ఒకవైపు దిగింది. ఏళ్ళనాటి పలకల పొడి నల్లటి నీళ్ళై గుమ్మం ముందునుంచి పారింది. మేం పిల్లలం అందులో గంతులేస్తున్నాం. అవ్వ వసారాలో కూర్చుని కాసేపు చూసింది. లేచి మూట తీసింది. అన్న మాట మీద నిలబడే మనిషి ఆమె, పోయే చోటు లేకపోయినా పోవాలనుకునే మనిషి. "వాన పడింది వదినా" అంది లోపలికి.

జేజి గుమ్మం దాకా వచ్చింది. నీళ్ళు మెట్టు ఎక్కి ఆమె కాళ్ళను తాకుతున్నాయి. చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, ఆకాశం వైపు చూసి, చెయ్యి బయటికి చాపి, వెనక్కి తీసుకుంది.

"ఇది వానా? తుంపర" అంది. "మా కాలంలో పడేది వాన. మూట తడుస్తాది, లోపల పెట్టు వదినా."

అవ్వ ఆమె వైపు చూసింది. మోకాలి లోతు నీళ్ళలో ఉన్న మా వైపు చూసింది. మూట తెచ్చి నడిమింట్లో గింజల కుండల పక్కన పెట్టింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్ని ఏళ్ళు ఎన్ని వానలు పడ్డాయో చెప్పలేను. చేలు మునిగిన ఏడు ఉంది. రైలు ఆగిపోయిన ఏడు ఉంది. దోర్నాల అడవిలోంచి బండ్లు రాలేకపోయిన ఏడు ఉంది. అన్నీ తుంపర్లే. ఎవరైనా ఇంటికొచ్చి "మంచి వాన పడిందమ్మా" అంటే జేజి మొహం చిట్లించేది. "ఏం వానలే" అనేది. పిల్లులు స్నేహితులు కాలేదు, చివరిదాకా కాలేదు. ఒకే గుమ్మంలో ఎదురుపడితే రెండూ మొహాలు పక్కకు తిప్పుకుని, ఒకదాని తర్వాత ఒకటి దాటిపోయేవి. కాని పొద్దున నాయన చదివే అడుగుల్లో ఆ జానెడు ఖాళీ పోయింది. జేజి, అవ్వ కూడా అంతే. పులుసులో ఉప్పు గురించి, ఆముదం గురించి, నా జడ ఎవరు వెయ్యాలన్నదాని గురించి రోజూ మాటామాటా వచ్చేది. అవ్వ వంటింట్లోకి వచ్చి తినడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ గుర్తులేదు. గొంగడి, బొంత ఎవరివి ఎవరి దగ్గరున్నాయో చివరికి ఎవరూ పట్టించుకోలేదు.

అవ్వ పోయిన రోజు వాన. సమాధుల దొడ్డినుంచి అందరం తడిసి తిరిగొచ్చాం. గోతిలో నీళ్ళు నిలిచాయని పెద్దవాళ్ళు చిన్నగా అనుకుంటున్నారు. జేజి వసారాలో, అవ్వ మూలలో, గొంగడి మీద కూర్చుని ఉంది. కాళ్ళ నొప్పులతో దొడ్డి దాకా రాలేకపోయింది. చూరునుంచి కారే నీళ్ళ వైపు చాలాసేపు చూసింది. చూసి, పక్కన ఎవరో అడిగినట్టు, "ఇదీ వాన" అంది.

ఆ సాయంత్రం అన్నం వండింది అమ్మే. అందరం కూర్చున్నాం. పరదా తీసేసి చాలా ఏళ్ళయింది. చారలదీ మొండితోకా, రెండూ ముసలివైపోయినవి, ఎవరి చోట అవి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. ప్రార్థన పొడుగ్గా ఉంటుందని వాటికి తెలుసు, కళ్ళు సగం మూసుకున్నాయి. జేజి తల వంచింది. మేం రాజుగారి కోసం ఎదురుచూస్తున్నాం.

"ప్రభువా, నీకు తెలుసు" అంది జేజి. "ఆమేన్."

పిల్లులు కదల్లేదు. అంత తొందరగా వస్తుందని అవి అనుకోలేదు. కాసేపు అట్లాగే కూర్చుని జేజి మొహం వైపు చూశాయి, రెండూ.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి గదికీ తలుపుంది, ప్రతి తలుపుకీ గొళ్ళెం ఉంది. ఎవరి వాసన ఎవరికీ తగలకుండా ఎన్నేళ్ళైనా బతకవచ్చు. నేను బతుకుతున్నాను. సుఖంగానే ఉంది. ఏదో ఒక గోనెపట్టకి అటువైపు ఎవరో ఒకరు కూర్చుని ఉండే ఆ ఇంట్లో మా అమ్మ ఎంత అలిసిపోయిందో చూశాను గనక, అది మంచి కాలమని నేను చెప్పను. ఇప్పుడు ఎవరితోనూ పోట్లాట లేకుండానే అలిసిపోతున్నానని మాత్రం చెప్పగలను. రాత్రి మనవరాలు ఫోన్ చేసింది. ఇల్లు ఇంకా దొరకలేదట. పిల్లులెట్లా ఉన్నాయంది. నీ పిల్లి నా దుప్పటి మీద పడుకుంది, నా పిల్లి నువ్వు వదిలిపోయిన శాలువా మీద కూర్చుని గోడ వైపు చూస్తోంది అన్నాను. మంచి గుర్తేనంది. మా చిన్నప్పుడు కూడా ఇంట్లో రెండు పిల్లులుండేవని ఈసారి చెప్పాను.

"అయితే నీకివన్నీ కొత్త కాదన్నమాట అమ్మమ్మా. అవి కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"వాన పడేదాకా" అన్నాను.

అటువైపునుంచి ఏదో టైపు చేస్తున్న చప్పుడు. వెతుకుతున్నట్టుంది. అట్లా ఎక్కడా రాయలేదే అంది.